కేటీ పడిన పేపరు – తెగిన పోగు ఎక్కడ?

కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుండి బతుకుదెరువు వెతుక్కుంటూ భివండి వచ్చిన మన తాతలు సాంచెల మీద జీవితం గడిపారు. ఇవాళ ఆ ఇళ్ల మనుమలు, మనుమరాళ్లు డి.ఫార్మసీ, బి.ఫార్మసీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరుతున్నారు. ఇది మనమందరం సంతోషించవలసిన విషయం. అయితే సీటు రావడంతోనే చదువు సాగిపోదు. పన్నెండో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా మొదటి సెమిస్టర్‌లోనే రెండు మూడు పేపర్లలో తప్పుతున్నారు. ఫలితాలు వచ్చిన వారం టెంఘర్‌లో మన చదువుల గదికి వచ్చే తల్లిదండ్రులు దాదాపు ఒకే మూడు ప్రశ్నలు అడుగుతారు. ట్యూషన్ పెట్టించాలా? కోర్సు మాన్పించాలా? పిల్ల అసలు చదవడం లేదా?

నేను ఫార్మసీ కళాశాలలో ఫార్మకాలజీ చెబుతాను. ఆదివారాలు మన పిల్లలతో కూర్చుంటాను. ఈ మూడు ప్రశ్నల కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. లోపం ఎక్కడ మొదలైంది? అది తెలియకుండా పెట్టించే ట్యూషన్ డబ్బు దండగ. అది తెలియకుండా కోర్సు మాన్పించడం పిల్లకు అన్యాయం. ఉపాధ్యాయ శిక్షణలో దీనిని లోపనిర్ధారణ, లోపనివారణ అంటారు. ముందు నిర్ధారణ, తరువాతే నివారణ. ఈ వ్యాసంలో ఆ రెండింటిని గురించి, వాటికి పనికివచ్చే నియమాలను గురించి వివరిస్తాను.

కేటీ అంటే ఏమిటి?

మన ఊళ్లలో ‘సప్లీ’, ‘బ్యాక్‌లాగ్’ అనేదానిని ఇక్కడ ముంబై విశ్వవిద్యాలయం పరిధిలో ‘కేటీ’ అంటారు. ఏటీకేటీ అనే పొడి అక్షరాల నుండి వచ్చిన మాట అది. ఆ పేపరు తప్పినా పై సెమిస్టర్‌లో కూర్చోవడానికి అనుమతి ఉన్నదని అర్థం. అంటే కేటీ శిక్ష కాదు, గడువు. కాని ఆ గడువుకు ఒక హద్దు ఉంది. చాలామంది తల్లిదండ్రులకు ఆ హద్దు తెలియదు.

ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా బి.ఫార్మసీ నియమాల ప్రకారం 1, 2, 3 సెమిస్టర్లలో తప్పిన పేపర్లను 4వ సెమిస్టర్ పరీక్షల వరకు వెంట తీసుకుపోవచ్చు. అయితే 1, 2 సెమిస్టర్ల పేపర్లన్నీ పాసు కానిదే 5వ సెమిస్టర్ తరగతుల్లో కూర్చోనివ్వరు. అలాగే మొదటి నాలుగు సెమిస్టర్లు పూర్తిగా పాసైతేనే 7వ సెమిస్టర్. అక్కడ ఆగినవారికి ఒక సంవత్సరం పోతుంది. నాలుగేళ్ల కోర్సును ఎక్కువలో ఎక్కువ ఎనిమిదేళ్లలో ముగించాలి.

ప్రతి థియరీ పేపరుకు 100 మార్కులు. వాటిలో 25 కళాశాల వేసే ఇంటర్నల్ మార్కులు, 75 సెమిస్టర్ చివరి పరీక్షవి. రెండూ కలిపి 50 రావాలి. ఇంటర్నల్ 25లో 15 మార్కులు రెండు సెషనల్ పరీక్షల సగటు మీద ఆధారపడతాయి. మిగిలిన 10లో హాజరుకు 4, అసైన్‌మెంట్లు, సెమినార్ల వంటి వాటికి 3, తరగతిలో ఉపాధ్యాయులతో మెలిగే తీరుకు 3.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఇంటర్నల్‌లో 18 తెచ్చుకున్న విద్యార్థికి చివరి పరీక్షలో 75కు 32 వస్తే చాలు. 10 మాత్రమే తెచ్చుకున్న విద్యార్థికి 40 కావాలి. తప్పినవారు మళ్లీ రాసేటప్పుడు పాత ఇంటర్నల్ మార్కులే వెంట వస్తాయి. ఆ ఎనిమిది మార్కుల తేడా ప్రతి ప్రయత్నంలోనూ వెంటాడుతుంది. సెషనల్ మార్కులను మెరుగుపరచుకోవడానికి ఒకే ఒక్క అవకాశం ఇస్తారు. అది తరువాతి సెమిస్టర్ చివరి పరీక్షలు మొదలయ్యేలోపు వాడుకోవాలి. ఈ అవకాశం ఉన్నదని తెలియకనే వదులుకునేవారు చాలామంది. కావున ఫలితాలు వచ్చిన రోజు కాదు, మొదటి సెషనల్ మార్కులు వచ్చిన రోజే జాగ్రత్తపడవలసిన రోజు.

తెగిన పోగు ఎక్కడో ఉంటుంది, మచ్చ మరెక్కడో కనిపిస్తుంది

మనవారికి దీనిని చెప్పడానికి సాంచె కంటే మంచి ఉదాహరణ లేదు. మామూలు సాంచె మీద పేక తెగితే మగ్గం తానే ఆగుతుంది. పడుగు పోగు తెగితే ఆగదు. నేత సాగుతూనే ఉంటుంది, బట్టలో మాత్రం నిలువునా సందు పడుతూ పోతుంది. కార్మికుడు కన్నువేసి చూసి, సాంచె ఆపి, తెగిన చోట పోగు అతికితేనే ఆ సందు ఆగుతుంది.

పరీక్ష తప్పడం పేక తెగడం వంటిది. అందరికీ కనిపిస్తుంది. కాని ఫార్మసీ చదువులో అసలు లోపం తరచుగా పడుగులో ఉంటుంది. ఒక ఉదాహరణ చెబుతాను.

ఫార్మకాలజీ 4వ సెమిస్టర్‌లో మొదలవుతుంది. ఒక విద్యార్థిని ‘అటెనలాల్ బీటా-1 రిసెప్టార్లను అడ్డుకుంటుంది’ అని పుస్తకంలో ఉన్నట్టు చక్కగా అప్పజెబుతుంది. ‘అయితే గుండె వేగం ఏమవుతుంది?’ అని అడిగితే మౌనం. ఒక్కో అడుగు వెనక్కు వెళ్లి అడుగుతాను. బీటా-1 రిసెప్టార్లు ముఖ్యంగా ఎక్కడుంటాయి? గుండెలో. వాటిని ఉద్దీపించేది ఏది? నార్ అడ్రినలిన్. దానిని విడుదల చేసే నాడులు ఏ వ్యవస్థకు చెందినవి? ఇక్కడ ఆగిపోతుంది. సింపథెటిక్, పారాసింపథెటిక్ నాడుల పాఠం మొదటి సెమిస్టర్ అనాటమీ–ఫిజియాలజీలో ఉంది. ఆ పాఠం ఆనాడు అర్థం కాలేదు, ప్రశ్నల ఎంపికలో వదిలేసి ఎలాగో పాసైపోయింది. తప్పింది నాలుగో సెమిస్టర్ పేపరు, తెగింది మొదటి సెమిస్టర్ పోగు.

అటువంటి విద్యార్థినికి ఫార్మకాలజీ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుండి చెప్పించినా ఫలితం ఉండదు. నాడీ వ్యవస్థ పాఠం రెండు ఆదివారాలు శ్రద్ధగా చెబితే ఆ యూనిట్‌లోని మందులు చాలావరకు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. ప్రొప్రనలాల్ బీటా-2ను కూడా అడ్డుకుంటుంది, బీటా-2 ఊపిరితిత్తుల గొట్టాల్లో ఉంటుంది, కాబట్టి ఉబ్బసం ఉన్నవారికి ఆ మందు ప్రమాదం అని తానే చెప్పగలుగుతుంది. ఈ మాట పరీక్షలో రెండు మార్కులు కావచ్చు. మందుల దుకాణంలో అది ఒక మనిషి ఊపిరి.

ఆర్గానిక్ కెమిస్ట్రీ కూడా ఇటువంటిదే. 2, 3, 4 సెమిస్టర్లలో మూడు పేపర్లుగా వస్తుంది. మొదటిది వదిలితే మిగిలిన రెండూ బట్టీ పట్టవలసిందే.

లోపం కనుక్కునే పద్ధతి

తప్పిన పేపరును ముందు పెట్టుకొని కూర్చోవాలి. ముంబై విశ్వవిద్యాలయంలో రుసుము కట్టి జవాబు పత్రం నకలు తీసుకునే వీలుంది. గడువు తక్కువగా ఉంటుంది కాబట్టి ఫలితాలు వచ్చిన వెంటనే కళాశాల పరీక్షల విభాగంలో అడగాలి. సెషనల్ జవాబు పత్రాలనైతే ఉపాధ్యాయుల వద్దనే చూడవచ్చు. పోయిన ప్రతి మార్కు పక్కన ఈ నాలుగింటిలో ఒక అక్షరం వేయమంటాను.

‘తె’ – విషయమే తెలియదు.
‘రా’ – తెలుసు, ఇంగ్లీషులో రాయలేకపోయాను.
‘లె’ – లెక్క తప్పింది.
‘స’ – సమయం చాలలేదు.

పావుగంటలో అయిపోయే పని ఇది. ‘నాకు ఫార్మసీ రాదు’ అని ఏడుస్తూ వచ్చిన అబ్బాయి పత్రంలో సగం ‘రా’లు, ‘స’లు ఉంటాయి. అంటే అతనికి విషయం వచ్చు. కావలసింది రాసే అభ్యాసం. ‘తె’లు ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఒక్కో ప్రశ్న తీసుకొని, పైన అటెనలాల్ విషయంలో చెప్పినట్టు వెనక్కు అడుగుతూ పోవాలి. ఏ ప్రశ్న దగ్గర జవాబు ఆగిపోయిందో అక్కడ నుండి పాఠం మొదలుపెట్టాలి.

చివరి పరీక్ష పేపరు స్వరూపం కూడా తెలిసి ఉండాలి. 75 మార్కుల్లో 20 బహుళైచ్ఛిక ప్రశ్నలకు, 20 రెండు పెద్ద ప్రశ్నలకు, 35 ఏడు చిన్న ప్రశ్నలకు. చిన్న ప్రశ్నలు తొమ్మిదిలో ఏడు రాయాలి. అన్నిటికంటే ఎక్కువ మార్కులు అక్కడే ఉన్నాయి. రెండు పెద్ద ప్రశ్నలకు గంటన్నర ఖర్చుపెట్టి చిన్నవి వదిలేసేవారు సమయం వల్లనే తప్పుతారు, చదువు లేక కాదు.

మన పిల్లల్లో ఎక్కువగా కనిపించే లోపాలు

1. ఇంటర్‌లో చదవని విషయం. బి.ఫార్మసీకి గణితం చదివినవారు వస్తారు, జీవశాస్త్రం చదివినవారూ వస్తారు. ఈ సంగతి కౌన్సిల్‌కు తెలుసు కనుకనే మొదటి సెమిస్టర్‌లో జీవశాస్త్రం చదవనివారికి ‘రెమెడియల్ బయాలజీ’, గణితం చదవనివారికి ‘రెమెడియల్ మ్యాథమెటిక్స్’ అనే పేపర్లు పెట్టింది. ఇవి విశ్వవిద్యాలయం పరీక్ష లేని పేపర్లు, కళాశాలలోనే పరీక్ష జరుగుతుంది. అందువల్ల వాటిని తేలికగా తీసుకుంటారు. అది చాలా నష్టం. నాలుగేళ్ల పడుగుకు ఆ పేపర్లే మొదటి పోగులు.

డి.ఫార్మసీ చేసి నేరుగా 3వ సెమిస్టర్‌లో చేరేవారి సంగతి వేరు. వారికి నియమాల ప్రకారం అదనంగా పెట్టేవి కమ్యూనికేషన్ స్కిల్స్, కంప్యూటర్ అప్లికేషన్స్ మాత్రమే. రెమెడియల్ గణితం గాని, రెండో సెమిస్టర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ గాని వారు చదివి ఉండరు. చేరిన రోజే మూడో సెమిస్టర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎదురవుతుంది. ఇటువంటి పిల్లలు తరగతులు మొదలుకాక ముందే సెలవుల్లో రెండో సెమిస్టర్ పుస్తకం చదువుకోవాలి.

2. భాష. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు కూడా మనలో ఉన్నారు. నిజానికి వైద్యశాస్త్రం మాటలు ఇంగ్లీషువారికీ కొత్తవే. గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టిన మాటలవి. ముక్కలు నేర్చుకుంటే మాటలు తేలికవుతాయి. ‘హైపర్’ అంటే ఎక్కువ, ‘హైపో’ అంటే తక్కువ, ‘-ఐటిస్’ అంటే వాపు, ‘-ఈమియా’ అంటే రక్తంలో ఉండటం. హైపర్‌గ్లైసీమియా, హైపోగ్లైసీమియా రెండింటికీ తేడా ఒక ముక్కే. మొదటిదానికి ఇన్సులిన్ ఇస్తారు, రెండోదానికి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. మందుల పేర్ల తోకలు కూడా ఇలాగే: అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి ‘-లాల్’లు, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి ‘-ప్రిల్’లు, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి ‘-సార్టాన్’లు, అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి ‘-స్టాటిన్’లు. రోజుకు అయిదు ముక్కల చొప్పున ఒక నోటుబుక్కులో రాసుకుంటే ఒక సెమిస్టర్‌లో భయం పోతుంది. పాఠాన్ని ముందు తెలుగులో ఒకరికి చెప్పి, తరువాత ఇంగ్లీషులో రాయడం మంచి అభ్యాసం. తెలుగులో చెప్పలేనిది అర్థం కానిదే.

3. లెక్కలు. దశాంశాలు, నిష్పత్తులు, శాతాలు ఏడో తరగతి నాటి లెక్కలు. అవి రాక మొదటి సెమిస్టర్ ఫార్మాస్యూటిక్స్‌లో తప్పేవారున్నారు. 12 కిలోల పాపకు పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలంటే 180 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సీసా అయితే 7.5 మిల్లీలీటర్లు. 250 మిల్లీగ్రాములున్న సీసా అయితే 3.6 మిల్లీలీటర్లు. రెండు సీసాలూ బజారులో దొరుకుతాయి. లెక్క రానివాడు రెండో సీసా నుండి 7.5 కొలిస్తే పాప కడుపులోకి 375 మిల్లీగ్రాములు పోతాయి. అంటే రెట్టింపు దాటింది. (ఇది లెక్క నేర్పడానికి చెప్పిన ఉదాహరణ. పిల్లలకు మందు డాక్టరు చెప్పినట్టే వేయాలి.) మన చదువులో 50 మార్కులు పాసు. కాని ఈ లెక్కల్లో సగం కరెక్టు అయితే చాలదు. అందువల్ల మోతాదు లెక్కలు మాత్రం పదికి పది వచ్చేదాకా చేయిస్తాను.

4. హాజరు. కౌన్సిల్ నియమం ప్రకారం ప్రతి పేపరుకు 80 శాతం హాజరు ఉండాలి. లేకుంటే పరీక్షకే కూర్చోనివ్వరు. ముఖ్యమైన థియరీ పేపరుకు సెమిస్టర్‌లో 45 గంటలు, వారానికి మూడు. అందులో 20 శాతం అంటే 9 గంటలు, సరిగ్గా మూడు వారాల తరగతులు. దసరాకు, బతుకమ్మకు ఊరికి వెళ్లి పది రోజులు, మేనమామ కూతురి పెళ్లికి ఒక వారం, జ్వరానికి నాలుగు రోజులు. అంతటితో సరి. కళ్యాణ్ రోడ్డు మీద బస్సు చిక్కుకొని మొదటి పీరియడ్ పోయిన రోజులు దీనికి అదనం. హాజరు 95 దాటితే 4 మార్కులు, 80–84 మధ్య ఉంటే ఒక్క మార్కే. పెళ్లికి ఒక పూట వెళ్లి అక్షింతలు వేసి వచ్చినా బంధువులు అర్థం చేసుకుంటారు, చెప్పవలసింది పెద్దలే.

మళ్లీ చదవడం వేరు, గుర్తు చేసుకోవడం వేరు

తప్పిన పిల్లల్లో చాలామంది కష్టపడేవారే. రాత్రి రెండు దాకా చదువుతారు. అయితే చదివే తీరు ఒకటే. పుస్తకం మళ్లీ చదవడం, పసుపు పెన్నుతో గీతలు గీయడం. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు సార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడు సార్లు రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే నాలుగు సార్లు చదివినవారే ముందున్నారు. వారికి 83 శాతం, రెండోవారికి 71 శాతం గుర్తుంది. వారం తరువాత అడిగితే తలకిందులైంది. నాలుగు సార్లు చదివినవారికి 40 శాతం, మూసి రాసినవారికి 61 శాతం.

పరీక్ష ముందు రోజు ‘అంతా వచ్చు’ అనిపించి, హాలులో ఖాళీగా కూర్చోవడానికి కారణం ఇదే. కాబట్టి పుస్తకం మూసి రాయండి, తప్పులు చూసుకోండి, మూడు రోజుల తరువాత మళ్లీ మూసి రాయండి. కొత్త పుస్తకం, కొత్త గైడు కొనవలసిన పని లేదు.

రెండో విషయం, ఒంటరితనం. 1970ల చివర కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత బోధకుడు నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారో పరిశీలించారు. వారు సోమరులు కారు, క్రమం తప్పకుండా చదివేవారే. అయితే ఎవరి గదిలో వారు ఒంటరిగా చదివేవారు. అదే తరగతిలోని చైనా సంతతి విద్యార్థులు కలిసి కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకునేవారు. ఆయన పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి తేలిక లెక్కలు కాక కష్టమైన లెక్కలే ఇచ్చారు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. మన ఇళ్లలో కూడా చదువుకునే పిల్ల ఒంటరిదే. బాపు పన్నెండు గంటల షిఫ్టులో, అవ్వ వంటింట్లో, చుట్టూ సాంచెల చప్పుడు. అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో ఫార్మసీ చదివినవారు ఎవరూ ఉండరు. ముగ్గురు నలుగురు ఒక చోట కూర్చోవడం వల్ల ఈ లోటు చాలావరకు తీరుతుంది.

ఆరు వారాల పద్ధతి

ఒక పేపరుకు ఆరు వారాలు పెట్టుకోవాలి. ఒకేసారి రెండు కేటీల కంటే ఎక్కువ తలకెత్తుకోవద్దు. మొదటి రెండు సెమిస్టర్లవి ఉంటే అవే ముందు.

మొదటి వారం: జవాబు పత్రం పరిశీలన, వెనక్కు అడిగే ప్రశ్నలు, తెగిన చోట్ల జాబితా. జాబితా అయిదు అంశాలకు మించకూడదు.

రెండు, మూడు వారాలు: పునాది పాఠాలు మాత్రమే. ఫార్మకాలజీ కేటీ అయినా ఈ రెండు వారాలు ఫిజియాలజీ పుస్తకమే తెరవాలి. పిల్లలకు ఇది ఓర్పుకు పరీక్ష. ‘పరీక్ష దగ్గర పడుతుంటే పాత పాఠాలేమిటి సార్’ అంటారు. ఆగమని చెప్పాలి.

నాలుగో వారం: తప్పిన పేపరులోని యూనిట్లు, రోజూ రెండు చిన్న ప్రశ్నలు పుస్తకం మూసి రాయడం.

అయిదో వారం: పాత ప్రశ్నపత్రాలు, గడియారం పెట్టుకొని. చిన్న ప్రశ్నకు పది నిమిషాలు మించకూడదు.

ఆరో వారం: తప్పులు తిరగేయడం, తోటివారికి ఒక పాఠం చెప్పడం. చెప్పగలిగినవారికి ఆ పాఠం వచ్చినట్టే.

నర్సింగ్ విద్యార్థులకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాల్లో కూడా బి.ఎస్సీ. నర్సింగ్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి. పట్టా ఇచ్చేలోపు క్లినికల్ ప్రాక్టికల్స్ నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. డి.ఫార్మసీలో మూడు సెషనల్స్‌లో మంచి రెండింటి మార్కులు లెక్కలోకి వస్తాయి. కనుక ఒకటి చెడితే నిరాశపడక మిగిలిన రెండింటినీ చక్కదిద్దుకోవచ్చు.

కళాశాలలో ఏం అడగాలి?

అడగడానికి మొహమాటం వద్దు. న్యాక్ గుర్తింపు కోసం కళాశాలలు నిదానంగా నేర్చుకునే విద్యార్థులకు ఏం చేస్తున్నాయో చూపించవలసి వచ్చింది. కాబట్టి చాలా కళాశాలల్లో మెంటర్ పేరుతో ప్రతి విద్యార్థికి ఒక ఉపాధ్యాయుడు ఉంటారు. మీ మెంటర్ ఎవరు, ప్రత్యేక తరగతులు ఏ రోజు, సెషనల్ మెరుగుదల పరీక్ష ఎప్పుడు, ఈ మూడూ అడిగి తెలుసుకోండి. తండ్రి ఒకసారి వెళ్లి మెంటర్‌ను కలిస్తే చాలు. ఇంగ్లీషు రాకపోతే హిందీలోనో మరాఠీలోనో మాట్లాడండి, తప్పేమీ లేదు.

ఇది చిన్నతనం అనుకోవద్దు. 2019లో దేశమంతటా వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో చేరిన ప్రతి విద్యార్థికి మొదట ఫౌండేషన్ కోర్సు పెట్టారు. అందులో భాష, కంప్యూటర్ నేర్పుతారు. అమెరికాలో ఫార్మసీ కళాశాలలకు గుర్తింపు ఇచ్చే సంస్థ 2016 ప్రమాణాల్లో వెనుకబడుతున్న విద్యార్థిని ముందుగానే గుర్తించి సాయం చేసే ఏర్పాటు ఉండాలని రాసింది. అంటే ఆదుకోవడం కూడా చదువులో భాగమేనని పెద్ద పెద్ద సంస్థలే ఒప్పుకున్నాయి.

ఉపకారవేతనం విషయం కూడా గుర్తుంచుకోవాలి. మహాడీబీటీ పోర్టల్‌లో పునరుద్ధరణకు దరఖాస్తు చేసేటప్పుడు ముందటి ఏడాది మార్కుల పత్రం జతపరచాలి. కేటీ ఉన్నవారు దరఖాస్తు మానుకోకుండా కళాశాల స్కాలర్‌షిప్ విభాగంలో తమ కోర్సుకు వర్తించే నియమం అడిగి, గడువులోపు దాఖలు చేయాలి.

తల్లిదండ్రులకు మనవి

మీరు పాఠం చెప్పనక్కరలేదు. మీ చేతిలో ఉన్న పనులు నాలుగు.

సెషనల్ మార్కులు ఎప్పుడు వస్తాయో తెలుసుకొని ఆ రోజు అడగండి. కోపంగా కాదు, ‘ఏ పాఠం దగ్గర ఆగింది బిడ్డా?’ అని.

రోజుకు రెండు గంటలు ఆ పిల్లకు పని చెప్పకండి. ముఖ్యంగా ఆడపిల్లలకు. అన్న టీవీ చూస్తుంటే చెల్లె కండెలు చుట్టి, అంట్లు తోమి, ఆ తరువాత చదువుకోవాలంటే ఎలా?

బంధువుల ముందు మార్కులు తీయకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. తప్పినవారు దాచిపెట్టడం మొదలుపెడితే లోపం కనుక్కోవడం అసాధ్యమవుతుంది. ఫలితం చెప్పగానే దెబ్బలు పడే ఇంట్లో ఎవరూ నిజం చెప్పరు.

పిల్ల తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, ఎవరితో మాట్లాడకపోయినా, ‘నేను ఉండి ఏం లాభం’ వంటి మాట అన్నా చదువు సంగతి పక్కన పెట్టండి. ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఏ పేపరైనా ఆరు నెలలకు మళ్లీ వస్తుంది.

కొందరికి ఈ కోర్సు నిజంగానే సరిపడకపోవచ్చు. పునాది సరిచేసి, హాజరు ఉండి, రెండు ప్రయత్నాలు శ్రద్ధగా చేసిన తరువాత కూడా మనసు దానిలో లేదని విద్యార్థే చెబితే మరో దారి చూడటం అవమానం కాదు. అయితే ఆ నిర్ణయం లోపం ఎక్కడో తెలిసిన తరువాత తీసుకోవాలి, ఫలితాలు వచ్చిన రాత్రి కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా, రేపు మీరు మందుల దుకాణంలోనో ఆసుపత్రిలోనో నిలబడతారు. అక్కడికి మన కార్మికులే వస్తారు, చీటీ మీ చేతికిచ్చి ‘పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని?’ అని తెలుగులో అడుగుతారు. వారికి మీరు చెప్పే జవాబు ఏ సెమిస్టర్‌లో నేర్చుకున్నారో, ఎన్నో ప్రయత్నంలో పాసయ్యారో వారు అడగరు. అది సరైన జవాబు అయి ఉండటమే వారికి కావలసింది. కేటీ ఉన్నవారు జవాబు పత్రంతో, పుస్తకంతో, ఒక ఖాళీ నోటుబుక్కుతో ఆదివారం ఉదయం చదువుల గదికి రాగలరు. మొదటి సెషనల్‌లో తక్కువ వచ్చినవారు అంతవరకు కూడా ఆగవద్దు.